దీవి కుర్చీకి మగ్గం ముడి

సిద్దిపేటలో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మేము పడుచు వయసులో దుబాయి దారి పట్టినప్పుడు (ఎడారి ఏదైనా మాకు దుబాయే), ఇంటి విద్య అక్కడ పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. నాకు పనికొచ్చింది. వికలాంగుల అంతర్జాతీయ పోటీల్లో ఒక చిన్న దీవికి పతకం తెచ్చిపెట్టిన కోచ్‌ను నేనేనని నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. కోచ్‌ను కాదు లెండి, మైదానంలో కుర్చీలు కట్టే కూలీని.

నడవలేనివాళ్లు ఎత్తు కుర్చీలో కూర్చుని ఇనుప గుండు విసురుతారు. ఆ కుర్చీని నేలలోని కొక్కేలకు పట్టీలతో బిగించాలి. ఆ దీవి ఎంతంటే, మన కోమటిచెరువులో వేస్తే ఇంకా నీళ్లు మిగులుతాయి (కొంచెం ఎక్కువే చెప్పాను). ఏదో పెద్ద దేశం నీడలో బతుకుతారట, జెండా మాత్రం వేరు. ఆ జెండా వెనక వచ్చిన ఆటగాడు ఒక్కడే, నా ఈడువాడు. అంతకుముందు వాళ్ల తరఫున వచ్చినవాళ్ల విసురు ఒక్కటీ లెక్కకు రాలేదట. సరిగ్గా ఇతని వంతుకు పట్టీ తెగింది. వెంటనే కట్టకపోతే పేరు కొట్టేస్తారు. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. మాట తెలియకపోయినా భయం తెలిసింది. స్టోరులోంచి నూలు తాడు తెచ్చి, మా బాపు మగ్గాన్ని గుంజకు కట్టినట్టే నీళ్లలో ముంచి ముడి వేశాను. కుర్చీ వెంట్రుకవాసి కదలలేదు. బోర్డు మీద దీవి పేరు ఎక్కింది. ఆ అక్షరాలను అతను నాకు వేలితో చూపించాడు (నాకు చదవరాదని చెప్పలేదు).

తర్వాతి ఆటగాడు తన కుర్చీతో వచ్చాడు, పాతది తీద్దామంటే ముడి ఊడిరాలేదు. మా ఇంట్లో ఆ ముడిని వేయడమే గాని విప్పిన పాపాన ఎవరూ పోలేదు. తడి ఆరితే అది రాయి. మా పనులు చూసే మిరుదొడ్డి మేస్త్రి గుంజి గుంజి చెమటలు కక్కుతూ, "ఏందిరా గిది, ముడేసినవా, వెల్డింగ్ కొట్టినవా?" అన్నాడు. చివరికి రంపంతో కోశారు. దీవి దోస్తు ఆ ముడిని అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు. పతకం రాలేదు. ఏడుగురిలో ఐదోవాడు. (ఆరోవాడే.)

మొన్న టీవీలో అలాంటి పోటీల ఊరేగింపులో ఆ జెండా వచ్చింది, వెనక తొమ్మిది మందితో. నేను లేచి నిలబడ్డాను. నా ముసలామె పక్కింటామెతో, "లుంగీ ముడి నిలుస్తలేదు గని, గీయన దీవిని నిలబెట్టిండట" అంది. నిజమే, ఒక చేత్తో లుంగీ పట్టుకునే ఉన్నాను. అయినా ఆ జెండా తెర దాటిపోయేదాకా కూర్చోలేదు.