వస్తానని చెప్పని ఆత్మ

గిలకలదిండి కనకమహాలక్ష్మిది నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. బందరు చేపల బజారులో ఆవిడతో బేరానికి దిగినవాళ్ళు కడుపుబ్బ నవ్వుకుని గానీ కదిలేవాళ్ళు కాదు. అలాంటి మనిషి, సముద్రం మీద చేపల వేటకెళ్ళే మొగుడు రాంబాబు గుండె ఆగి పోయాక మూగబోయింది. ఎంత గుర్తుచేసుకున్నా ఆయన గొంతు చెవిలో పలకడం లేదని కుమిలిపోయేది.

సరిగ్గా అప్పుడే ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. సీరియల్లో పెద్దకోడలుగా వేసే దీప్తి చేతులు జోడించి, ‘పోయిన మా అమ్మమ్మతో మాట్లాడాను, మీరూ మీవాళ్ళతో మాట్లాడండి’ అంటోంది. కింద పరలోక మైత్రీ మండలి పేరు. పెద్దకోడలు అబద్ధమాడుతుందా! సీరియల్లో ఇన్నేళ్ళుగా ఒక్కటీ ఆడలేదే! కనకం వెళ్ళి చేరిపోయింది.

మండలి గురువు సోమేశ్వరరావు కళ్ళు మూసుకుని రాంబాబై మాట్లాడేవాడు. “కనకం, సుఖంగా ఉన్నాను. నువ్వు చేపలు తినడం మానెయ్” అనేవాడు. చేపముక్క లేనిదే ముద్ద దిగని మనిషి ఆ మాట అనడమేమిటని పక్కన కూర్చునే పాండురంగయ్య గొణిగాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు, పోయిన తన నాన్నతో మాట్లాడడానికి వచ్చేవాడు. పైకెళ్ళాక మారి ఉంటాడులే అని సర్దుకుని, కనకం వంకాయకూరతో నెట్టుకొచ్చింది. మొగుడి మాట వినబడితే చాలనుకుంది, పాపం.

ఎప్పుడూ టైము అయిపోయిందని గంట మోగగానే ఆత్మ సెలవు తీసుకోకుండానే ఆగిపోయేది. వైశాఖంలో ఓ మధ్యాహ్నం మాత్రం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఉక్కకు తాళలేక సోమేశ్వరరావు, “ఇక నేను వెళ్తాను కనకం” అంటూ లేచాడు.

కనకానికి ఒళ్ళు ఝల్లుమంది. వేటకెళ్ళేవాడు ‘వెళ్తాను’ అంటే ఏ ఇల్లాలైనా గుమ్మం దాటనిస్తుందా? రాంబాబు పడవెక్కినా, పక్కవీధికి టీకి వెళ్ళినా అనేది ఒకటే మాట: ‘వస్తానే.’

“బాబాయ్, ఈయన మా ఆయన కాదు” అంది బయటికొచ్చి.

“మా నాన్న కూడా కాదమ్మా. కన్నకొడుకుని, నన్ను ‘మీరు’ అంటున్నాడు” అన్నాడు పాండురంగయ్య.

ఇద్దరూ మానేశారు. కానీ కనకానికి మొగుడు రెండోసారి పోయినట్టయింది.

మరుసటి నెల మండలివాళ్ళు బందరు కల్యాణమండపానికి దీప్తినే రప్పించారు. కొత్తగా చేరడానికి జనం వరసకట్టారు. చూద్దామని వెళ్ళి వెనక కూర్చున్న కనకం ఆగలేక లేచింది.

“అమ్మా, మీ అమ్మమ్మగారు ఎప్పుడు పోయారమ్మా?”

దీప్తి తెల్లబోయింది. “పోవడమేంటండీ! గుడివాడలో నిక్షేపంలా ఉంటేనూ! నన్ను జ్యోతి వెలిగించడానికి రమ్మన్నారు, అంతే! ఆ ఫ్లెక్సీల మీది మాటలు నేనన్నవి కావు!”

హాలు గొల్లుమంది. సోమేశ్వరరావు చటుక్కున కళ్ళు మూసుకున్నాడు. “కనకం! నీ రాంబాబునే శంకిస్తావా?”

“లేదండీ. బయల్దేరేటప్పుడు మా ఆయన అనే మాట ఒక్కటి అనండి, మళ్ళీ చేరిపోతాను.”

ఆ మాట అనేస్తే ఎంత బాగుండునో అని కూడా ఆవిడకి ఉంది.

సోమేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. ఆఖరికి, “ఐ లవ్ యూ కనకం” అన్నాడు.

“ఓరి నాయనోయ్! బతికుండగా ఆయన ఆ మాటంటే తాగొచ్చాడని తలుపేసేదాన్ని!”

ఇక చూడండి నవ్వులు! దీప్తి కొంగు అడ్డుపెట్టుకుంది. వరసలోని జనం చెప్పులు వెతుక్కున్నారు. కనకం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఆ రోజే ఇంట్లో చందువా చేపల పులుసు పెట్టింది. పాండురంగయ్య భార్యతో సహా వచ్చి లొట్టలేసుకుంటూ తిన్నాడు. గుమ్మంలో ఆగి, ఎవరైనా అనేట్టే, “వస్తానమ్మా” అన్నాడు.

కనకం గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఆ మాట వెనకే, ఇన్నాళ్ళకి, రాంబాబు గొంతు చెవిలో పలికింది. ‘వస్తానే.’

“వెళ్ళిరండి” అంది నవ్వుతూ, పాండురంగయ్యకీ రాంబాబుకీ కలిపి.