పిలవనా అని అడిగాను

మా పక్కింటి పిన్ని పోయి పక్షం రోజులైంది. చోడవరంలో మా వీధి దాటితే ఆవిడెవరో ఎవరికీ తెలియదు. అయినా మీకు చెప్పాలనిపించింది.

రెండిళ్ల మధ్య పిట్టగోడ మీద స్టీలు గ్లాసుతో టకటకా కొట్టి నన్ను పిలిచేది. నలభై దాటినా నేను ఆవిడకి "ఒసే గుంటా"నే. "ఏటే, ఇంకా లెగలేదా?" అని మొదలుపెడితే ఊరి కబుర్లన్నీ అయ్యేదాకా వదిలేది కాదు.

నిరుడు మా ఆయన గుండె పట్టుకుని కూలబడితే ఆస్పత్రికి వెళ్దామా అని ఆయన్నే అడుగుతూ కూర్చున్నాను. ఎవర్నీ అడక్కుండా 108కి ఫోన్ చేసింది పిన్నే. వీధి మొగలో నిలబడి, తువ్వాలు ఊపి బండిని ఇంటికి తెచ్చింది. ఆయన బతికారు. "నెప్పొచ్చినోడ్ని అడుగుతారేటే? వద్దనే అంటాడు" అని నన్ను కేకలేసింది.

ఆ రోజు పొద్దున్న గ్లాసు చప్పుడైంది. వెళ్తే పిన్ని ముఖమంతా చెమట. దవడ లాగుతోందంది, వీపు బరువుగా ఉందంది, కడుపులో తిప్పుతోందంది. గుండెల్లో నొప్పి మాత్రం లేదంది.

"గేసేనే. కూసింత వాము నలిపియ్యి."

ఇచ్చాను. వీపు రాశాను. తగ్గకపోగా ఆయాసం మొదలైంది.

"108ని పిలవనా పిన్నీ?"

"వద్దే, సిగ్గు! ఆ బండి కూతకి వీధంతా వచ్చేస్తాది. ఆటోలో ఎల్దాం. ఈ నైటీతో ఆస్పత్రికేటి? సీర మార్చుకొస్తాను."

సరేనన్నాను. గదిలో కుచ్చిళ్లు సగంలో ఉండగానే పడిపోయింది. అప్పుడు ఫోన్ చేశాను. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

ఛాతీలో నొప్పి లేకపోయినా గుండెపోటు రావచ్చని, ఆడవాళ్లలో ఇలా దవడా, వీపూ, వికారంతో కూడా వస్తుందని డాక్టరు చెప్పారు. మా ఆయనకైతే గుండె అనుకున్నాం, పిన్నికి గ్యాసు అనుకున్నాం. మీ ఇంట్లో ఏ ఆడమనిషైనా ఇలా అంటే అడగకండి, పిలిచేయండి. నేను అడిగాను. ఆవిడ నేర్పిన ఒక్క మాటా ఆవిడ దగ్గరే మర్చిపోయాను.

కార్యం అయ్యాక పిన్ని కొడుకు ఇంటికి తాళం వేసి వైజాగ్ వెళ్లిపోయాడు. మా ఆయన డ్యూటీకి వెళ్లాక నేనొక్కదాన్నే. ఏ గిన్నె చప్పుడైనా గోడ దాకా పోయి వస్తున్నాను. పిన్ని విడిచిన నైటీని మర్నాడు నేనే తడిపి వాళ్ల పెరటి తీగ మీద ఆరేశాను. ఎప్పుడో ఆరిపోయింది. ఇంకా అక్కడే ఉంది.