ఒక్క పేజీ కోసం ప్రైవసీ

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అందులో సిగ్గేం లేదు. కష్టమల్లా మా ఇంట్లో చదవడమే. నేను కూడబలుక్కుంటూ "వ్య... వ్యవ..." అంటుండగానే వంటింట్లోంచి కోడలు "వ్యవసాయం, అత్తయ్యా" అని అందిస్తుంది. కొడుకు నవ్వుతాడు. ఒక్క మాట నా నోటితో పూర్తి కానివ్వరు. ఒక్క పేజీ, ఎవరి సాయమూ లేకుండా చదవాలని నా పంతం.

ఆ రోజు ఇంటర్ చదివే మనవరాలు, వెనకే వస్తున్న తల్లి మీద విసుక్కుంటూ "నాకు ప్రైవసీ కావాలమ్మా" అంది. అదేంటే అని అడిగాను.

"మన పని మనం చేసుకుంటుంటే ఎవరూ తొంగిచూడకుండా ఉండటం, నాయనమ్మా."

"ఒంటరిగా పడుండటమా?"

"కాదబ్బా, అది వేరు."

"ఏంటి వేరు?"

"చూశావా, ఇప్పుడు కూడా లేదు నాకు ప్రైవసీ!"

సరే, నాకు కావలసిందీ అదే. కానీ ఎక్కడ? మధ్యగది నిండా ధర కోసం ఆపిన పత్తి. కల్లంలో ఎండుతున్న మిరపకాయలకి కాపలా నేనుంటానని చెప్పి, పుస్తకం చంకలో పెట్టుకుపోయాను.

నాలుగు ముక్కలు చదివానో లేదో, పక్క కల్లం ఆవిడ వచ్చి కూలబడింది. మా వైపు పెద్దావిడ ఒక్కతే కూర్చుందంటే ఇంట్లో పోట్లాడి వచ్చినట్టే లెక్క. వెళ్లి ఓదార్చకపోతే తప్పు.

"ఏంది వదినా, కోడలేమన్నా అందా?"

"ఏమీ అనలేదు. చదువుకుంటున్నా."

"ఈ ఎండలోనా? నాకు చెప్పకపోతే ఎవరికి చెప్తావు?"

"నాకు ప్రైవసీ కావాలి."

"అంటే?"

"అంటే నువ్వు లేచి పోవడం."

"వామ్మో, ఎంత కష్టపెట్టారో నిన్ను!" అని కళ్లొత్తుకుని తిన్నగా మా ఇంటికే పోయింది.

సాయంత్రం కాయలు కుప్పచేసి, పట్టా కప్పి ఇల్లు చేరేసరికి కోడలి మొహం మాడిపోయి ఉంది. "నేనేం తక్కువ చేశానత్తయ్యా?" అంది. మనవరాలు చెప్పినట్టే అర్థం విడమర్చి చెప్పాను.

"ఓహో, మేం తొంగిచూస్తున్నామన్నమాట" అని కంచం నా ముందు పెట్టి లోపలికి పోయింది. కొడుకు టీవీ కట్టేసి బయటికి నడిచాడు. ఇంత మాటకి అంత రోషమా!

లైటు కింద పుస్తకం తీశాను. తడుముకుంటూ, తిట్టుకుంటూ, పేజీ చివరిదాకా చదివాను. ఎవరూ అందివ్వలేదు.

"అయిపోయిందే!" అని కేకేశాను.

వంటింట్లో గిన్నెల చప్పుడైంది. అంతే.