ఎనభై ఒకటో అట్ట

అట్టలక్క పోయింది. సోమవారం పొద్దున ఆమె మనవరాలు మా తలుపు కొట్టి, "తాతా, అవ్వ లేస్తలేదు" అంది. నేను వెళ్ళేసరికి చెయ్యి చల్లబడి ఉంది. కుడిచేతి చూపుడువేలూ బొటనవేలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, దారం పట్టుకున్నట్టు.

నేనొక వాట్సాప్ గుంపులో ఉన్నాను. జేబులో పట్టే చిన్న నోటుపుస్తకాలు, అందులోనూ కొన్నే తయారుచేసి నంబర్లు వేసి అమ్మేవి, సేకరించేవాళ్ళ గుంపు అది. ఎక్కువమంది పుణేలోనూ ముంబైలోనూ ఉంటారు. ఏ కాగితం మీద సిరా పాకుతుంది, ఏ పుస్తకం బల్లమీద పెడితే తనంతట తాను మూసుకోకుండా ఉంటుంది, ఎవరి దగ్గరున్న నంబరు ఏది, ఇవే మా మాటలు. అట్టలక్క సంగతి అందులో రాశాను. ఇరవై మంది జోడించిన చేతుల బొమ్మలు పెట్టారు. గుంపు పెద్ద మాత్రం పది నిమిషాల్లో అడిగాడు: "పాపం. ఇంతకీ ఆవిడ సెట్టు పూర్తయిందా?"

పూర్తయింది. ఆ మాట ఫోన్లో చెప్పకుండా ఇక్కడ రాస్తున్నాను. ఎలా పూర్తయిందో, ఎందుకంత ఆలస్యమైందో కూడా రాస్తాను.

సోలాపూర్ నీలం నగర్‌లో మా రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. అశోక్ చౌక్ దగ్గరి ప్రెస్సులో నేను ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. ఇతరుల తప్పులు వెతకడం వృత్తి అయితే మనిషి ఎలా తయారవుతాడో మా గల్లీలో ఎవర్నడిగినా చెబుతారు. చదివేవాళ్ళు లేరని మా వాచనాలయంలో తెలుగు పుస్తకాలను రద్దీకి, అంటే చిత్తుకాగితాల లెక్కన, తూచి అమ్మిన కమిటీతో నేను ఇప్పటికీ మాట్లాడను. వాళ్ళలో ఇద్దరు చనిపోయారు. అయినా మాట్లాడను.

ఆమె పని అట్టలు కుట్టడం. జకార్డు మగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతాను. అంచులో పువ్వో పిట్టో రావాలంటే, పేక నూలు ఒక్కసారి అడ్డంగా పోయినప్పుడల్లా ఏ పోగులు లేవాలో మగ్గానికి ఎవరో చెప్పాలి. చెప్పేది రంధ్రాలు కొట్టిన ఒక పొడుగాటి అట్ట. పేక ఒకసారి పోవడానికి ఒక అట్ట. వాటికి వరసగా నంబర్లు వేసి, దారంతో గొలుసులా కుట్టి మగ్గం మీద వేస్తారు. ఆమె భర్త రంధ్రాలు కొట్టేవాడు. ఆమె నంబర్లు వేసి కుట్టేది. ఆయన పోయాక, సాంచాలకు, అంటే కరెంటు మగ్గాలకు, కంప్యూటర్లు వచ్చి అట్టల పని కూడా పోయాక, ఊళ్ళో మిగతా ఆడవాళ్ళలాగే బీడీలు చుట్టింది. పేరు మాత్రం అట్టలక్కగానే నిలిచింది.

కొత్త నోటుపుస్తకం వచ్చినప్పుడల్లా ఆమెకు తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. చదువు అంతంత మాత్రమే ఉన్న మనిషికి చూపిస్తే మనం గొప్పగా కనిపిస్తామన్న దుర్బుద్ధి అందులో లేకపోలేదు. ఒకసారి జపాను పుస్తకం చూపించాను. మూడు వందలే చేశారు, నాది రెండు వందల పన్నెండు. ఆమె కాగితం చూడలేదు, ముద్ర చూడలేదు. నడిమి కుట్టు దగ్గర గోరుతో దారాన్ని కాస్త ఎత్తింది. పుస్తకం మొత్తం విడిపోయి ఒళ్ళో పడింది.

"ముడి సక్కగ లేదు తమ్మీ," అంది, ఏమీ జరగనట్టు. "ఉండు, కుట్టిస్త."

బీడీలకు కట్టే దారంతో కుట్టిచ్చింది. జపానువాళ్ళు కుట్టినదానికంటే అది గట్టిగా ఉంది. ఈ సంగతి గుంపులో నేను ఎన్నడూ చెప్పలేదు.

ప్రతి పుస్తకానికీ ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. "దీంట్ల ఏం రాసినవ్?" ఏమీ రాయలేదని, రాస్తే విలువ పోతుందని చెప్పేవాణ్ణి. "మరి ఎందుకు కొన్నవ్?" అని మళ్ళీ అడిగేది కాదు. నావైపు ఒకసారి చూసి ఆకు కత్తిరించుకునేది. అదే ఎక్కువ మండేది.

ఐదేళ్ళ కిందట పుణే ప్రదర్శనలో ఒక పుస్తకం కొన్నాను. పాత జకార్డు అట్టను సగానికి మడిచి, లోపల కాగితాలు పెట్టి కుట్టినది. పోలీసు జమాదారు జేబులో ఉండే పుస్తకంలా పైకి తెరుచుకుంటుంది. మొత్తం తొంభై ఆరే చేశారు. నడుముకు రెండువేళ్ళ వెడల్పు కాగితం పట్టీ చుట్టి అంటించారు. ఆ పట్టీ తెగకుండా ఉంటేనే మాలాంటివాళ్ళ లెక్కలో అది కొత్తది. నాది ఎనభై ఒకటి. తెచ్చి అక్క చేతిలో పెట్టాను.

ఆమె బీడీల చాట పక్కన పెట్టింది. అట్ట చివర సిరాతో వేసిన మరాఠీ అంకెల మీద వేలు పెట్టి వాటి వంపుల వెంట జరిపింది.

"ఇది నా చెయ్యి," అంది.

"నీ చెయ్యి ఏంది అక్కా? అది పుస్తకం నంబరు."

"నంబరు నేనే ఏసిన. ఎనిమిది తోక గిట్ల పైకి లేపేది నేనొక్కదాన్నే. మా ఆయన తిడుతుండె." రంధ్రాలు తడిమింది. "ఇది బాతు తమ్మీ. బాతు తలకాయ."

అప్పుడు తెలిసింది. ఆమె భర్త జీవితమంతా ఇతరుల నమూనాలే కొట్టాడు. సొంతంగా గీసింది ఒక్కటే, తువ్వాల అంచు పొడుగునా నడిచే బాతు. తోక నుంచి ముక్కు దాకా తొంభై ఆరు అట్టలు. ఆ గొలుసు తిరిగినంతసేపూ బాతు వెనక బాతు నడుస్తుంది. రెండేళ్ళు నేశారు, తర్వాత కార్ఖానా యజమాని ఆపేశాడు. నేసిన తువ్వాలలు మూటల్లో వెళ్ళిపోయేవి. ఇంటికి ఒక్కటీ రాలేదు. నేసే ఇళ్ళలో అంతే, మా గల్లీలో చద్దర్లు నేసేవాళ్ళు కప్పుకునేవి బొంతలు. కార్ఖానా ఖాళీ చేసినప్పుడు అట్టలు రద్దీలోకి పోయాయి. ఎవరో పుణే కుర్రాడు వాటిని కొని, ఆమె వేసిన నంబర్లనే పుస్తకాల నంబర్లుగా ఉంచి అమ్మేశాడు. బాతు తొంభై ఆరు జేబుల్లోకి చెదిరిపోయింది.

"మల్ల కూడబెడత," అంది అక్క.

"తొంభై ఆరు పుస్తకాలు కొంటావా?"

"పుస్తకాలు నాకెందుకు? రంధ్రం యాడుందో తెలిస్తే చాలు. పని చేసేది రంధ్రమే, అట్ట కాదు."

అలా డెబ్భై ఐదేళ్ళ వయసులో అట్టలక్క మా సేకరణదారుల్లో చేరింది. మనవరాలు ఫోన్లో ఉత్తరాలు రాసేది. తయారుచేసిన కుర్రాడు తనే సోలాపూర్ వచ్చాడు. "ఆజీ, ఎవరో గుమాస్తా వేసిన నంబర్లనుకున్నాను, క్షమించు" అన్నాడు. అక్క అతనికి ఉప్మా పెట్టి, "గుమాస్తా అంటవురా నన్ను" అని వెళ్ళేదాకా ఏడిపించింది. కొన్నవాళ్ళ చిరునామాలన్నీ అతనే ఇచ్చాడు. పట్టీ తీసి, ముందూ వెనకా ఫోటో పంపమని అందరినీ అడిగాం.

ఇక్కడ నేనొక సంగతి గమనించాను. పుస్తకంలో రాసుకునేవాళ్ళంతా పంపారు. ఒక నర్సు మందుల పేర్లు రాసుకున్న పుస్తకం, ఒక డ్రైవరు నూనె మరకల పుస్తకం, పెళ్ళి సామాన్ల పట్టిక రాసిన పుస్తకం. నాగపూర్ నుంచి ఒకావిడ ఫోటో కాదు, పుస్తకమే పంపింది. దాచుకున్నవాళ్ళు మాత్రం కదల్లేదు. గుంపు పెద్ద అందరిముందూ అన్నాడు, "ఇలా నకళ్ళు కొట్టుకుంటూ పోతే మన వస్తువుల విలువేం కావాలి? ఆ ముసలావిడ వెనక ఎవరున్నారో చూడండి." ఆయన దగ్గర తొమ్మిది పుస్తకాలున్నాయి. ఒక్క పట్టీ తెంచలేదు.

ఆయన్ని నేను ఇంట్లో కూర్చుని తిట్టాను. గుంపులో ఏమీ అనలేదు. ఎందుకంటే నా ఎనభై ఒకటి కూడా పట్టీతోనే ఉంది.

దాచుకున్న మిగతావాళ్ళు ఒక్కొక్కరే మెత్తబడ్డారు, నాలుగేళ్ళలో అక్క ఎనభై ఆరు సంపాదించింది. కొత్త అట్టల మీద రంధ్రాలు గుర్తుపెట్టి, భర్త వాడిన ఉలితోనే కొట్టింది. గుంపు పెద్ద దాచిన తొమ్మిదీ బాతు పొట్టవి. వాటికి ముందువీ వెనకవీ చూసి తనే నింపింది. "పొట్ట ఎటు పోతది, గిట్లనే పోతది" అని నవ్వింది. ఇక మిగిలింది ఒక్కటి, నాది. పట్టీ కింద దాగింది బాతు కన్ను.

"ఇది కూడా ఊహించలేవా అక్కా?" అన్నాను.

"పొట్ట ఊహిస్తే నడుస్తది. కన్ను ఊహిస్తే అది నా బాతయితది. ఆయనది గాదు."

రెండుసార్లు అడిగింది. మొదటిసారి విలువ పోతుందన్నాను. రెండోసారి ఆలోచిస్తానన్నాను. మూడోసారి అడగలేదు. నిజం ఏమిటంటే, పెద్ద ఉద్యోగాల్లో ఉన్న ఆ గుంపులో సోలాపూర్ ప్రూఫురీడరు దగ్గర వాళ్ళకు లేనిదంటూ ఉన్నది అదొక్కటే. బాతు తలకాయ నంబర్లలో పట్టీ తెగనిది నాదే. గుంపు పెద్ద దానికోసం మూడుసార్లు బతిమాలాడు. ఆయన బతిమాలడం నాకు బాగుండేది. నలభై ఏళ్ళుగా పక్కింట్లో ఉన్న మనిషి కంటే ఆయన బతిమాలడం నాకు ముఖ్యమైంది. ఇన్నాళ్ళూ ఇతరుల తప్పులే ఎర్రసిరాతో దిద్దాను. ఇది నాది.

ఈ వానాకాలం ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళితే నేలమీద అట్టలు వరసగా పరిచి కుడుతోంది. గొలుసంతా అయిపోయింది. ఎనభై ఒకటో చోట బీడీల పెట్టె చించి, ఆ ముక్కకు పక్క అట్టలోని రంధ్రాలే కొట్టింది. కన్ను లేదు.

"గల్లీ చివర ముసలాయన మగ్గం మీద ఏస్తనన్నడు," అంది. "గుడ్డిదైనా నడుస్తది తియ్, తమ్మీ. బాట తెలిసిన బాతు."

నన్ను ఎత్తిపొడవడానికి అనలేదు. అంటే బాగుండేది. ఇంటికొచ్చి, బీరువా తీసి, గడ్డం గీసుకునే బ్లేడుతో పట్టీ కోశాను. బ్లేడు జారి అట్ట మీద చిన్న గీత పడింది. పడనీ అనుకున్నాను.

పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో తడిమింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఏదో అంటిచ్చి ఉంది. చూడు."

చూశాను. ఒక రంధ్రాన్ని చిన్న గుండ్రటి కాగితంతో మూసేశారు. దానికి కాస్త పైన మరో రంధ్రం కొట్టారు. కొట్టింది తప్పయితే అలాగే మూసి మళ్ళీ కొడతారు.

"తప్పు కొట్టిండా?" అన్నాను.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. మనవరాలు నీళ్ళు తెచ్చింది.

"నేనన్న," అంది చివరికి. "కన్ను కిందికైంది, బాతు నిద్రపోతున్నట్టుంది, జర పైకి జరపమన్న. 'ఇంట్ల కూసొని కుట్టేదానివి, నీకేం తెలుసు' అన్నడు. మూడు దినాలు మాటల్లేవు. కుట్టిన గొలుసు అట్లనే కార్ఖానకు ఎత్తుకపోయిండు. నేసినంక ఎట్లుందని నేనడగలే, ఆయన చెప్పలే. ఇన్నేండ్లు నా మాట ఇనలేదనే అనుకున్న." ఆ కాగితపు చుక్కను గోటితో మెల్లగా నిమిరింది. "ఇన్నడు తమ్మీ, ముసలోడు. ఆడికి పోయినంక ఇన్నడు. చెప్తే నోరు పడిపోతుండెనా?"

ఐదేళ్ళు ఆ మాట నా బీరువాలో ఉంది. అక్కా, నన్ను క్షమించు అన్నాను. ఆ మాట నేను ఎవరితోనూ అనే మనిషిని కాను.

"ఏందిరా క్షమించేది? తెచ్చినవ్ గద," అంది. "ఖరే చెప్పు, నిజంగ దీంట్ల ఏమన్న రాస్తవా ఇప్పుడు?"

ఎనభై ఒకటో అట్ట ఆమె గుర్తుపెడితే మనవరాలు కొట్టింది. బీడీ పెట్టె ముక్క మాత్రం మగ్గాయన పారెయ్యలేదు. గొలుసు సరిగ్గా తిరుగుతోందో లేదో చూడ్డానికి మొదట దానితోనే ఒక తువ్వాల నేసి, తర్వాత అసలు అట్ట వేశాడు. అసలుది మూరెడు కాగానే కోసి ఆమెకు తెచ్చి చూపించాడు. అక్క దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుంది. చిన్న చుక్క, వెతికి చూసేవాళ్ళకే కనిపించేది.

"బస్, లేసింది," అంది.

ఆ తర్వాత ఆరు రోజులున్నది. ఆ మూరెడు గుడ్డ దిండు మీద పరుచుకుని పడుకునేది.

మగ్గాయన ఇంకా నేస్తున్నాడు. ఫోటోలు పంపిన ప్రతి ఒక్కరికీ తువ్వాల పంపాలని మనవరాలు, నేను అనుకున్నాం. వాళ్ళ చిరునామాలు ఎనభై ఒకటో పుస్తకంలో రాస్తున్నాను. నర్సుది మొదటి పేజీ, నాగపూర్ ఆవిడది రెండో పేజీ. సిరా కాస్త పాకుతోంది. కాగితం గొప్పదేమీ కాదు.

గుంపు పెద్దకు కూడా ఒకటి పంపుతాను. ఆయనకు మాత్రం బీడీ పెట్టె ముక్కతో నేసిన మొదటిది, కన్ను లేనిది. అలాంటిది ప్రపంచంలో ఒక్కటే ఉంది కనుక ఆయన సంతోషించాలి. నేను కోసిన పట్టీని దాని నడుముకు చుట్టి పంపుతాను.

ఇవాళ పొద్దున మనవరాలు కొత్త తువ్వాలను గంజి పోయేలా ఉతికి, మా రెండిళ్ళ మధ్య తీగ మీద ఆరేసింది. అక్కల్‌కోట్ రోడ్డు వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా అంచు కదులుతోంది. ఒకదాని వెనక ఒకటి, కళ్ళు తెరుచుకుని, బాతులు మా ఇంటివైపు నడిచి వస్తున్నాయి. చివర్న ఒక నీటిచుక్క వేలాడుతోంది, ఇంకా పడలేదు.