ఒక్క ఆటే తెలిసినదాన్ని

పాప పుట్టాక నాకు అన్నిటికీ భయం పట్టుకుంది. నిద్రలో ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. రైలు గేటు దాటాలంటే భయం, కొత్త మందు సీసా మూత తియ్యాలంటే భయం. కవిటిలో మామగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక, మా ఆయన గ్లాసెడు నీళ్ళు తాగుతున్నా రెప్ప వాల్చకుండా చూసేదాన్ని. ఆ రోజుల్లో నేను భయం లేకుండా కూర్చున్నది ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు, ఒక ఆట దగ్గర మాత్రమే.

ఆ ఆట మా మరిది తెచ్చాడు. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతూ, సీనియర్ దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకాన్ని జిరాక్స్ తీయించుకొచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని ఆడేదే కానీ గళ్ళూ పావులూ ఉండవు. ఒకరు కథ చెప్పాలి. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై, తలుపు తీస్తాననో పారిపోతాననో చెప్పాలి. ఆ పని జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది: పెద్ద అంకె పడితే అయినట్టు, చిన్నదైతే కానట్టు. అలాంటి పాచిక మా పలాసలో ఎక్కడ దొరుకుతుంది? ఇరవై జీడిపిక్కల మీద పెన్నుతో అంకెలు వేసి గుడ్డసంచిలో పోశాం. చూడకుండా ఒకటి తీయడమే. కథ చెప్పేది మా ఆయన. ఆడేది నేనూ, ఆదివారాలు రైల్లో వచ్చే మరిదీ.

జిరాక్స్‌లో నాలుగు పేజీలు రాలేదు. దెబ్బలు తగిలి మనిషి బలం అంకె సున్నా అయితే ఏం చెయ్యాలో అందులోనే ఉంది కాబోలు. మొదటిసారి నా మనిషికి అలా అయినప్పుడు ముగ్గురం మొహాలు చూసుకున్నాం.

"సుమ్మాదేవిలో ఆగిపోయిందనుకో," అన్నాడు మా ఆయన.

పలాస దాటి మందస వెళ్ళే పాసింజరు సుమ్మాదేవి అనే చిన్న స్టేషన్లో క్రాసింగ్ కోసం ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలీదు. కానీ కదులుతుంది. అదే మా నియమమైపోయింది. పడిపోయిన మనిషి, రెండో మనిషి వెనక్కి వచ్చి తీసుకెళ్ళేదాకా సుమ్మాదేవిలో ఉంటుంది. అంతే.

ఒక ఆదివారం, "నా ఫేవరెట్ ఆట ఇదే," అన్నాను. మరిది నవ్వాడు.

"ఎన్నాటలాడేవేటి వదినా? క్లాసులో ఒక్కలే ఉండి ఫస్టొచ్చినట్టుంది."

"నాకు నచ్చింది. సాలదా?"

"నచ్చినాది అను. ఫేవరెట్ అనీకు. ఇంకోటి సూత్తే గదా ఇది బాగుందో లేదో తెలిసీది."

సరదాకే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట లోపల ముల్లులా దిగింది. మా అత్త కూడా తోటలో నూతినీళ్ళ గురించి అలాగే అనేది: "మా నూతినీళ్ళంత తీపి ఇంకెక్కడా నేవు." ఆవిడ కవిటి దాటి ఎక్కడి నీళ్ళు తాగిందని? ఇప్పుడు మామగారి జబ్బుకి ఆ నీళ్ళే కారణమని కొందరు, కాదని కొందరు. నేను చదివింది టెక్కలిలో, చేసుకున్నది మేనమామ కొడుకుని, కాపురం పలాసలో. అన్నీ ఒక్కొక్కటే చూసి బాగుందనుకున్నవి. ఇంకోటి ఎరగకుండా ఇష్టపడినవాటిలో ఏది ఎప్పుడు ప్రాణం మీదికి తెస్తుందో అని ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు.

తర్వాతిసారి మరిది వేరే ఆట పుస్తకమూ, మా దాంట్లో రాని నాలుగు పేజీలూ తెచ్చాడు. కొత్తది ఆడనంటే పిరికిదాన్నని ఒప్పుకున్నట్టే. ఆడాక పాతది వెలవెలబోతే నాకున్న ఆ రెండు గంటలూ పోతాయి. సంచి దగ్గరికి లాక్కున్నాను.

కొత్త ఆట బాగుంది, లేదనను. కథ ఎక్కడా ఆగకుండా పరిగెత్తింది. గంట తర్వాత నా మనిషి వంతెన దాటుతుంటే మూడో నంబరు పిక్క వచ్చింది.

"సచ్చిపోనాది వదినా. కాయితం సింపీ," అన్నాడు మరిది.

నా మనిషి పేరూ, బలమూ, మూటలో ఏమేం ఉన్నాయో నా చేత్తో రాసుకున్న కాగితం. చింపలేకపోయాను. లేచి వెళ్ళి ఉయ్యాలలో పాప ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో చూసి వచ్చాను.

అప్పటికి మా ఆయన ఆ నాలుగు పేజీలూ చదువుతున్నాడు. "మన దాంట్లోనూ అదే ఉంది. సున్నా అయితే ఒక పిక్క తియ్యాల. పది లోపొస్తే సావే."

అంటే ఇన్నాళ్ళూ ఆడినది అసలు ఆటే కాదు. తెలిసిన ఆ ఒక్కటీ కూడా నాకు సరిగ్గా తెలీదు.

"మరేటి, పేజీలు కలిపీమంటావా?" మరిది గొంతులో ఈసారి ఎగతాళి లేదు.

"కలుపు. ఉన్న పేజీలు దాసుకుని ఇష్టపడితే అత్త నూతినీళ్ళ లాగే ఔతాది. కానీ దాని పెకారం నేనాడను. ఏది గొప్పదో నాకు తెలీదు. పది ఆడినా పదకొండోది ఉంటాది. నాకు మటుకు సుమ్మాదేవే కావాల."

"నువ్వేటంటావన్నా?"

మా ఆయన కాగితాల మీంచి తలెత్తలేదు. "సావు ఆడుకోడానికేట్రా. కవిటిలో సూత్తన్నాం గదా."

మరిది సూదీ దారం అడిగి తీసుకుని, ఆ నాలుగు పేజీల్నీ వాటి చోట్లో పెట్టి కుట్టాడు.

ఆ తర్వాత కూడా మా నియమంతోనే ఆడాం. కానీ నా మనిషి బలం తగ్గుతున్న కొద్దీ నా చూపు పుస్తకంలో ఆ కుట్టు మీదికి పోయేది. భయం లేని రెండు గంటలు మళ్ళీ రాలేదు. ఆట మాత్రం మానలేదు.