హోటలనుకున్న ఇల్లు

పోయినేడాది మా పాతికేళ్ల పెళ్లిరోజుకు గ్రీసు వెళ్లాం. కిషన్‌బాగ్ రద్దీలో బతికే మాకు ప్రశాంతత కావాలని, టూరిస్టులు పెద్దగా వెళ్లని చిన్న దీవిని నేనే ఏరికోరి ఎంచుకున్నాను.

అక్కడ ఒక వాకిట్లో కుర్చీలు వేసుకుని నలుగురు కాఫీ తాగుతుంటే, హోటలనుకుని మేమూ కూర్చున్నాం. నల్లబట్టలు కట్టుకున్న ముసలావిడ మాకూ కాఫీ తెచ్చిచ్చింది. నేను నవ్వుతూ ఆమెతో సెల్ఫీ దిగాను. మావారు బిల్లు అడిగితే, ఆమె తల అడ్డంగా ఊపి లోపలికి చూపించింది. ఒక ముసలాయన ఫొటో ముందు దీపం వెలుగుతోంది.

"ఇది హోటల్ గాదే! ఈళ్లింట్ల ఎవరో పోయిన్రు, లే" అన్నారు మావారు గొంతు తగ్గించి.

క్షమించమని అడగడానికి వాళ్ల భాష రాదు. చేతులు జోడించాను. ఆమె నా చెంప నిమిరింది.

మా గల్లీలోనూ ఎవరైనా పోతే వాకిట్లో ఇలాగే కుర్చీలు వేస్తారు. అయినా ఆ ఇంటి దుఃఖాన్ని నేను పోల్చుకోలేకపోయాను.