కొండ కింది మనుషులు

మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన ఫ్లెక్సు మీది ఇంకు ఘాటుకు చాలామంది మొహం తిప్పుకుంటారు. నాకు మాత్రం నవ్వొస్తుంది. నిన్న నర్సీపట్నం బజారులో ఆ వాసన తగలగానే వరాలమ్మ గారు గుర్తొచ్చారు. చదువైపోయాక నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. ఆవిడ ఫ్లెక్సుల షాపులో కంప్యూటర్ మీద డిజైన్లు చేసేదాన్ని.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మాకవరపాలెం వైపు ఒక ఊరి నుంచి సూరిబాబు అనే రైతు వచ్చాడు. తమ నాయకుడు సభ పెట్టి వెళ్ళిన సాయంత్రమే వాన పడిందట. అందుకని ఆయన్ను గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుడిగా వెయ్యాలన్నాడు. "ఆయన అడుగెట్టాడు, మబ్బు దిగిందమ్మా!" అవతలి పార్టీవాళ్ళేమో ఆ వాన తమ నాయకుడు చేయించిన హోమం వల్లే పడిందంటున్నారట. వాన ఎవరిదన్న తగువుతో ఊరు రెండుగా చీలింది. ఏటా అందరూ కలిసి తీసే కాలువ పూడిక ఎవరూ తియ్యలేదు. పడ్డ నీళ్ళు పొలాలకు చేరకుండా పక్కకు పోతున్నాయి.

వరాలమ్మ గారు నా భుజం మీదుగా తెర వైపు చూశారు. "కొండ బాగుంది బాబూ. కింద పశువుల కాపర్లేరీ? కతలో ఆళ్ళు కూడా తలో కర్రా ఆనించారు కదేటి! మీ ఊరోళ్ళ ఫొటోలుంటే బేగి ఇయ్యి."

సూరిబాబు హుషారుగా ఫోన్ ఇచ్చాడు. అందులో ఉన్నవన్నీ కిందటేడు పూడిక తీసినప్పటి ఫొటోలే. మోకాళ్ళ దాకా బురద, చేతుల్లో పారలు, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి. "ఈడు ఆ పార్టీవోడు, కట్ సేసెయ్యమ్మా" అన్నాడు నాతో. కట్ చేస్తే సూరిబాబు భుజం కూడా పోతుంది. "సగం మనిసివైపోతావు నాయనా!" అంటూ వరాలమ్మ గారు పకపకా నవ్వారు.

అంతలో సూరిబాబు కట్ చెయ్యమన్న ఆ అప్పలనాయుడే తమ నాయకుడి ఫ్లెక్సు కోసం గుమ్మంలోకి వచ్చాడు. అప్పటికే ఆ ఫొటోను కొండ కింద అతికించేశాను. తెర మీద తన్ను తాను చూసుకుని, "నన్నెందుకెట్టారిక్కడ?" అని గద్దించాడు.

"నువ్వొగ్గేస్తే కొండ మామీద పడిపోద్దిరా" అనేశాడు సూరిబాబు.

అప్పలనాయుడి నవ్వు రోడ్డు అవతలికి వినపడింది. "ఆ బురదలో నా సెప్పు పోయింది, గుర్తుందేటిరా?"

ఇద్దరూ తమ తమ నాయకుల ఫ్లెక్సులు వేయించుకునే వెళ్ళారు. అభిమానం ఎక్కడికీ పోలేదు. కానీ ఆ ఆదివారం ఊరంతా కాలువలోకి దిగింది. వరాలమ్మ గారు నన్ను ఆటో ఎక్కించి మరీ తీసుకెళ్ళారు. పులిహోర గిన్నెతో గట్టు మీద నిలబడి, నీళ్ళు కదలగానే చిన్నపిల్లలా కేరింతలు కొట్టారు.

ఆవిడ ఇప్పుడు లేరు. మా ఆయనది ఒక పార్టీ, మా మరిదిది ఇంకొకటి. ఓట్ల లెక్కింపు రోజున ఇద్దరూ ఒకే టీవీ ముందు చేరి, ఎవరి నాయకుణ్ణి వాళ్ళు దేవుణ్ణి చేస్తూ గొంతులు చించుకుంటారు. వెనకటి నేనైతే బెదిరి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు సరిగ్గా వాళ్ళిద్దరి మధ్యే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఇద్దర్నీ ఆటపట్టిస్తాను. ముందుగా నవ్వేది ఎప్పుడూ మా మరిదే.